మనాటీల ఒంటి మీద సక్కర్ చేపలు: బ్లూ స్ప్రింగ్‌లో చూసి నమోదు చేసే పద్ధతి

ఫ్లోరిడాలో ఆర్లాండోకి ఉత్తరాన, ఆరెంజ్ సిటీ పక్కన ఒక రాష్ట్ర పార్కులో బ్లూ స్ప్రింగ్ అనే ఊట ఉంది. ఆ నీళ్ళు చిన్న కాలువగా పారి సెయింట్ జాన్స్ నదిలో కలుస్తాయి. ఊట నీరు ఏడాది పొడుగునా 22-23 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. చలికాలంలో నది 20 డిగ్రీల కన్నా చల్లబడితే మనాటీలు (నీళ్ళలోనే బతుకుతూ మొక్కలు మేసే పెద్ద క్షీరదాలు) తట్టుకోలేవు, అందుకే ఈ కాలువలోకి వచ్చి చేరతాయి. 2024 జనవరిలో ఒక్క ఉదయం లెక్కలోనే 932 మనాటీలు తేలాయి. ఇదే వెచ్చదనం కోసం సక్కర్ చేపలు కూడా వస్తాయి. ఇవి అక్కడి చేపలు కావు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం వ్యాపారంతో వచ్చి, తొట్లలో పట్టనంత పెరిగాక నీళ్ళలోకి చేరినవాటి సంతతి. మనాటీ చర్మం మీద పట్టిన పాకుడును ఈ చేపలు నోటితో అతుక్కుని గీకి తింటాయి. ఒక్కో మనాటీ మీద ఒకేసారి డజన్ల కొద్దీ కనిపిస్తాయి.

దీన్ని మొదట వివరంగా రాసినది లియో నికో, విలియం లాఫ్టస్, జేమ్స్ రీడ్. 2009లో వచ్చిన వాళ్ళ పత్రం ప్రకారం కొన్ని మనాటీలు చేపల్ని పట్టించుకోలేదు, కొన్ని మాత్రం విసుగ్గా కదిలి వదిలించుకోబోయాయి. మరుసటి ఏడాది స్టెట్సన్ విశ్వవిద్యాలయానికి చెందిన మెలిస్సా గిబ్స్ బృందం చేపలు అంటుకున్న మనాటీల కదలికలు ఎక్కువగా ఉన్నాయని చూపించింది. చేప కరవదు, మాంసం తినదు. నష్టం జరిగితే అది విశ్రాంతికి జరుగుతుంది. ఊటలో ఉన్నంతసేపూ మనాటీకి మేత దాదాపు ఉండదు, ఒంట్లో ఉన్న శక్తితోనే నెట్టుకురావాలి. 2021లో ఫ్లోరిడాలో దాదాపు 1,100 మనాటీలు చనిపోయాయి. తూర్పు తీరంలో సముద్రపు గడ్డి నశించి ఆకలితో పోయినవి వాటిలో చాలా ఉన్నాయి. అలాంటి జంతువు పడుకున్నచోట పదేపదే కదలాల్సి రావడం చిన్న సంగతి కాదు. కాబట్టి ఇక్కడ కొలవాల్సింది మనాటీ మీద ఎన్ని చేపలున్నాయన్నది ఒక్కటే కాదు, వాటివల్ల విశ్రాంతి ఎంత తగ్గిందన్నది. కింది పద్ధతి అందుకోసమే. నీళ్ళలో దిగనక్కర్లేదు, ఒడ్డున ఉన్న చెక్క నడకదారి మీంచి అంతా చేయొచ్చు.

ముందు చేపను గుర్తుపట్టండి

ఇక్కడ ఎక్కువగా ఉండేది టెరిగోప్లిక్తిస్ డిస్‌జంక్టివస్ అనే సక్కర్ జాతి. సొంత చోటు అమెజాన్ వ్యవస్థలోని మడీరా నది. పై నుంచి చూస్తే వెడల్పాటి తల, అక్కడి నుంచి తోక దాకా సన్నబడే ఒళ్ళు, రెండు పక్కలా విప్పుకున్న రెక్కలు, ముదురు గోధుమ రంగు కనిపిస్తాయి. ఒంటి మీద పొలుసులకు బదులు ఎముక పలకలు ఉంటాయి. వీపు రెక్క తెరచాపలా ఎత్తుగా లేస్తుంది. పొట్ట చదును, దాని మీద పురుగులు పాకినట్టు వంకర గీతలు. నోరు కిందివైపు, గిన్నె ఆకారంలో ఉంటుంది. అర మీటరు దాకా పెరుగుతుంది.

పొరపాటు పడేది ఎక్కువగా మూడింటితో. నీలి తిలాపియా కూడా బయటి చేపే, కాలువలో చాలా ఉంటుంది. కానీ అది ఒళ్ళు నిటారుగా పెట్టుకుని గుంపుగా ఈదుతుంది, అతుక్కోదు. బ్లూగిల్ లాంటి సన్‌ఫిష్‌లు స్థానిక చేపలు. ఇవి మనాటీ చర్మాన్ని పొడిచి పొడిచి తినడం కద్దు. అరచేతి కన్నా చిన్నగా ఉండి, పొడిచి వెనక్కి వచ్చేస్తుంటే అది సక్కర్ కాదు. వాటిని వేరే గడిలో రాయండి, లేకపోతే స్థానిక చేప పనిని బయటి చేప ఖాతాలో వేసినట్టవుతుంది. మూడోది గార్. పొడుగాటి ముక్కు చూస్తే సందేహం తీరిపోతుంది.

చేప కానిదాన్ని చేపగా లెక్కపెట్టడం ఇంకా ఎక్కువ జరుగుతుంది. పాకుడు మచ్చలు, చెట్ల నీడలు, పడవ మర చీల్చిన గాయాల మచ్చలు మోసం చేస్తాయి. అనుమానం ఉన్నచోట మూడు నాలుగు సెకన్లు ఆగి చూడండి. మచ్చ మనాటీతోపాటే కదులుతుంది. చేప తోక దానంతటదే ఊగుతుంది, లేదా చేప మొత్తం పక్కకి జరుగుతుంది. అప్పటికీ తేలకపోతే లెక్కలో వేయొద్దు.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి

మనాటీల కాలం నవంబర్ మధ్య నుంచి మార్చి చివరి దాకా. ఆ రోజుల్లో కాలువలో ఈత, పడవలు అన్నీ నిలిపేస్తారు. పార్కు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. చలిగాలి వీచిన రెండు మూడు రోజుల తర్వాత వెళ్తే మనాటీలు ఎక్కువగా ఉంటాయి. శని ఆదివారాల్లో కార్లు నిండిపోగానే గేటు మూసేస్తారు కాబట్టి పని రోజు మేలు. చలి తగ్గిన మధ్యాహ్నాల్లో మనాటీలు మేతకు నదిలోకి వెళ్ళిపోతాయి. తెల్లవారుజామున చలి ఎక్కువగా ఉంటే వెచ్చటి నీటి మీంచి ఆవిరి లేచి ఏమీ కనబడదు, వెలుగూ చాలదు. అందుకే పనికొచ్చే సమయం 9 నుంచి 12 వరకు. 8 గంటలకే లోపలికి వెళ్ళి చోటు చూసుకోండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండే వేదికను ఎంచుకోండి. గాలికి నీళ్ళు రేగితే ఆ రోజు లెక్క మానేయడమే మంచిది.

సామాను కొంచెమే. పోలరైజ్డ్ కళ్ళద్దాలు తప్పనిసరి, ఇవి లేకుండా నీటి మెరుపులో సగం చేపలు కనబడవు. 8×42 బైనాక్యులర్, చేతిలో నొక్కే లెక్కింపు యంత్రాలు రెండు, 30 సెకన్లకోసారి వణికేలా పెట్టిన ఫోను లేదా వాచీ, పెన్సిలు, అట్ట మీద బిగించిన కాగితాలు. పెన్ను వద్దు, చలికి సిరా ఆగిపోతుంది. కెమెరా ఉంటే 70-300 మి.మీ. లెన్సు, దాని మీద పోలరైజర్, షట్టర్ 1/250 కన్నా వేగంగా. చలిలో తిప్పిన కెమెరాను వెచ్చటి కారులోకి తెస్తే అద్దం మీద చెమట పడుతుంది, మూసిన సంచిలోనే ఉంచి పావుగంట లోపలి వేడికి అలవాటు చేయండి. డ్రోన్ తేవద్దు, ఫ్లోరిడా రాష్ట్ర పార్కుల్లో నిషేధం.

మనాటీని ముట్టుకోవడం, మేత వేయడం, గొట్టంతో నీళ్ళు పట్టడం, తరమడం నేరం. 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, 1978 నాటి ఫ్లోరిడా మనాటీ సంరక్షణ చట్టం రెండూ వర్తిస్తాయి. చేపను వదిలించడానికి కర్రతో పొడవడం, రాయి వేయడం కూడా మనాటీని వేధించడం కిందికే వస్తుంది. కాలువలోంచి సక్కర్లను తీసే పని అనుమతి ఉన్నవాళ్ళది. గాయపడిన, తీగ చుట్టుకున్న, ఒరిగిపోయిన మనాటీ కనబడితే లెక్క ఆపేసి పార్కు సిబ్బందికి గానీ రాష్ట్ర వన్యప్రాణి విభాగం 888-404-3922 నంబరుకు గానీ చెప్పండి.

ఏ మనాటీని చూడాలి

ఈ పని చెడేది ఎక్కువగా ఇక్కడే. కాలువ మీద చూపు పడగానే ఒళ్ళంతా చేపలతో కప్పుకున్న మనాటీ కళ్ళను లాగేస్తుంది. దాన్నే చూస్తూ కూర్చుంటే, మనాటీలన్నీ అలాగే ఉన్నాయని కాగితం చెబుతుంది. కాబట్టి ఎంపిక మీ కళ్ళ చేతిలో ఉండకూడదు. నిలబడ్డ చోటు నుంచి ఎడమ చివర మొదలుపెట్టి కుడికి లెక్కపెడుతూ వెళ్ళండి. ప్రతి మూడో మనాటీని తీసుకోండి. దాని ఒంట్లో సగమైనా స్పష్టంగా కనిపించాలి, లేకపోతే తర్వాతి దానికి వెళ్ళండి.

తీసుకున్న మనాటీ మీద చేపలుంటే, దాని పది నిమిషాల లెక్క పూర్తవగానే జత వెతకండి. జత అంటే చేపలు లేని మనాటీ: ఇంచుమించు అంతే పొడవు, కాలువలో అదే భాగం, అదే లోతు, పావుగంట లోపల. మొదటిదానికి చేపలు లేకపోతే చేపలున్న జతను వెతకండి. ఈ చేపలు లేని మనాటీల లెక్కే మొత్తం పనికి ప్రాణం. మనాటీ ఊరికే కూడా దొర్లుతుంది, తోక ఊపుతుంది, పైకి తేలుతుంది. చేపలు లేనప్పుడు ఇది ఎంత జరుగుతుందో తెలియకుండా చేపలున్నప్పటి సంఖ్య ఎంత పెద్దదైనా అర్థం లేదు. పిల్లలున్న తల్లుల్ని వేరే కాగితం మీద రాయండి. పిల్ల పాలకు వచ్చినా, ఆడుకున్నా తల్లి కదులుతుంది.

ఒకే మనాటీని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండాలంటే మచ్చలే గుర్తు. బ్లూ స్ప్రింగ్‌లో మనాటీలను దశాబ్దాలుగా పడవ మర గాయాల మచ్చలతోనే గుర్తుపడుతున్నారు. కాగితం మీద ముందే మనాటీ ఆకారం గీసిపెట్టుకుని, మచ్చలు ఎక్కడున్నాయో పది సెకన్లలో గీతలు పెట్టండి. తోక అంచులో తెగిన భాగం ఉంటే అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు అదే.

పది నిమిషాల లెక్క

ముందుగా పైన రాయాల్సినవి: తేదీ, వేళ, చోటు, గాలి ఉష్ణోగ్రత, పార్కువాళ్ళు ఆ ఉదయం చెప్పిన నది ఉష్ణోగ్రత, మనాటీ పొడవు అంచనా, ఒంటి మీద పాకుడు. పాకుడుకు నాలుగు మెట్లు చాలు: లేదు, పావు వంతు లోపు, సగం లోపు, సగం పైన. పాకుడు ఎక్కువున్న మనాటీ దగ్గరికి చేపలు ఎక్కువ వస్తాయని అనుకోవడం సహజం. ఆ గడి నింపకపోతే అది నిజమో కాదో తర్వాత చూడలేరు.

ఇప్పుడు ఫోను మొదలుపెట్టండి. 30 సెకన్లకోసారి వణుకుతుంది, పది నిమిషాల్లో 20 సార్లు. వణికిన ఆ క్షణంలో మనాటీ ఏం చేస్తోందో ఒక్క అక్షరం రాయండి: విశ్రాంతికి ‘వి’, ఈతకు ‘ఈ’, దొర్లడానికి ‘దొ’, నేలకో దుంగకో ఒళ్ళు రుద్దుకోవడానికి ‘రు’, ఊపిరికి పైకి తేలితే ‘ఊ’, కనబడకపోతే ‘క’. పక్కనే ఆ క్షణంలో అతుక్కుని ఉన్న సక్కర్ల సంఖ్య. అతుక్కోకుండా, ఒక చేప పొడవు దూరంలో తచ్చాడుతున్నవి వేరే. ‘వి, 7, 3’ అంటే విశ్రాంతిలో ఉంది, ఏడు అతుక్కున్నాయి, మూడు దగ్గర్లో ఉన్నాయి. ఆ క్షణం దాటాక గుర్తు తెచ్చుకుని రాయొద్దు. మీకు ఆసక్తిగా అనిపించింది జ్ఞాపకంలోకి ముందు వస్తుంది, లెక్క అటే ఒరుగుతుంది.

తోక విసురు, ఒళ్ళు జలదరింపు లాంటివి ఒకటి రెండు సెకన్లలో అయిపోతాయి. 30 సెకన్ల లెక్కకు అవి చిక్కవు. వాటికే చేతిలోని లెక్కింపు యంత్రాలు. ఒకదాన్ని ప్రతి ఊపిరికీ నొక్కండి. రెండోదాన్ని ప్రతి విసురుకీ నొక్కండి. విసురు అంటే ఏమిటో మొదటి రోజే తేల్చుకుని కాగితం వెనక రాసిపెట్టుకోండి: తోక గట్టిగా ఒక్కసారి కొట్టడం, తెడ్డులాంటి ముందు కాలుతో ఒళ్ళు గీసుకోవడం, ఉన్నట్టుండి నడుము వంచడం. ఊపిరి కోసం మెల్లగా తేలడం విసురు కాదు. నిద్రలో ఉన్న మనాటీ పది పదిహేను నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు పైకి రాదు. మెలకువగా తిరిగేది మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి వస్తుంది. అందుకని ఒక్క మనాటీ ఊపిరి లెక్క చూసి ఏమీ చెప్పలేం, అన్నీ కలిపాకే అది పనికొస్తుంది.

చేపలు ఒంట్లో ఎక్కడ అంటుకున్నాయో పది నిమిషాల్లో ఒక్కసారి, ఐదో నిమిషంలో, బొమ్మ మీద చుక్కలు పెట్టండి. మనాటీ ఒళ్ళంతా పలచగా వెంట్రుకలు ఉంటాయి. వాటితో నీటి కదలిక కూడా దానికి తెలుస్తుంది. ముఖం చుట్టూ అవి మరీ దట్టం. తల మీద పడ్డ చేపకూ వీపు మీద పడ్డ చేపకూ స్పందన ఒకేలా ఉందా లేదా అన్నది ఈ చుక్కలతోనే తేలుతుంది.

ఇద్దరు వెళ్తే ఇంకా మంచిది. ఒకరు కళ్ళు తిప్పకుండా చూస్తూ పలకాలి, ఇంకొకరు రాయాలి. రోజులో ఒక్క మనాటీనైనా ఇద్దరూ విడివిడిగా చూసి రాసి, 20 గడులు పోల్చుకోండి. 17 కన్నా తక్కువ కలిస్తే ‘విశ్రాంతి’కీ ‘ఈత’కీ మీ ఇద్దరి అర్థాలు వేరుగా ఉన్నాయన్నమాట. నీటి వాలుకు మెల్లగా జరగడం ఈత కాదు, తోక ఆడితేనే ఈత అని పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. గంటకు రెండు జతలకు మించి ఆశపడొద్దు. మూడు గంటల్లో ఆరు జతలు వచ్చాయంటే మంచి రోజు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

కంటికి కనబడేది ఒక పక్కే. మనాటీ దొర్లి రెండో పక్క చూపిస్తే అక్కడి చేపల్ని పాత సంఖ్యకు కలపకండి. ఆ క్షణానికి కనబడినవే రాయండి. పొట్ట కింద ఉన్నవి ఎప్పుడూ తక్కువే లెక్కకొస్తాయి. కాబట్టి మీ సంఖ్యలు కనీస సంఖ్యలు, అలాగే చెప్పండి.

సక్కర్లు రాత్రి ఎక్కువ చురుకుగా ఉండే చేపలు. పార్కు సూర్యాస్తమయానికి మూసేస్తారు. పగటి లెక్కతో రోజంతటి సంగతి చెప్పకూడదు.

చూసేవాళ్ళ గుంపు కూడా ఒక అడ్డంకే. పిల్లలు చెక్కల మీద పరిగెత్తినా, పరిశోధకుల చిన్న పడవ వచ్చినా మనాటీలు కదులుతాయి. ఆ వేళ కాగితం అంచున గుర్తు పెట్టి, ఆ జతను చివరికి పక్కన పెట్టండి. అలాగే మొసలి దాటిపోయినా గుర్తు పెట్టండి.

సంఖ్యలతో ఏం చేయాలి

ప్రతి మనాటీకి ‘వి’ల సంఖ్యను, కనబడిన గడుల సంఖ్యతో భాగించండి. 20 గడుల్లో రెండు ‘క’ అయి, మిగిలిన 18లో 12 ‘వి’ ఉంటే విశ్రాంతి 67 శాతం. జతలో రెండోదానికీ అలాగే. ఇప్పుడు ప్రతి జతలో ఎవరి విశ్రాంతి తక్కువో చూడండి. 12 జతల్లో 10 లేదా అంతకన్నా ఎక్కువ ఒకేవైపు మొగ్గితే, అలా కాకతాళీయంగా జరిగే అవకాశం నూటికి ఐదు లోపే. 30 జతలు ఉంటే 21 చాలు. సమానంగా ఉన్న జతల్ని తీసేసి లెక్కపెట్టండి. ఆరు జతలకే ఫలితం ప్రకటించకండి.

తేడా కనిపించినా కారణం దగ్గర జాగ్రత్త. చేపలవల్లే మనాటీ కదిలిందా, లేక పాకుడు పట్టిన మనాటీల దగ్గరే చేపలూ కదలికా రెండూ ఎక్కువా? పాకుడు మెట్టు ఒకేలా ఉన్న జతల్ని మాత్రమే తీసి మళ్ళీ లెక్కవేస్తే కొంత తెలుస్తుంది. చేప అతుక్కున్న 5 సెకన్లలోపు జరిగిన విసురులను వేరుగా గుర్తు పెట్టుకుని ఉంటే ఇంకా గట్టి ఆధారం.

సక్కర్లు కొత్త చోట కనిపిస్తే అమెరికా భూవిజ్ఞాన సర్వే నడిపే స్థానికేతర జలచరాల డేటాబేస్‌కు గానీ ‘ఐవ్ గాట్ వన్’ యాప్‌కు గానీ ఫోటో, చోటు, తేదీతో పంపండి. బ్లూ స్ప్రింగ్ కాగితాల నకలు పార్కు జీవశాస్త్ర సిబ్బందికి ఇవ్వండి. జతలు లేని లెక్క ఇచ్చేటప్పుడు జతలు లేవని పైనే రాయండి.

హైదరాబాద్‌లో కూర్చునీ ఈ పద్ధతి నేర్చుకోవచ్చు. సేవ్ ద మనాటీ క్లబ్, ఎక్స్‌ప్లోర్ సంస్థ కలిసి బ్లూ స్ప్రింగ్ నీటి అడుగున, పైన కెమెరాలు పెట్టి చలికాలంలో ప్రత్యక్షంగా చూపిస్తాయి. అక్కడ ఉదయం 9 అయితే మనకు రాత్రి 7:30. అడుగు కెమెరాలో సక్కర్ పొట్ట గీతలు కూడా కనిపిస్తాయి. కానీ ఆ కెమెరా ఎటు తిరగాలో నడిపేవాళ్ళు చూసుకుంటారు, ఎంపిక మీది కాదు. కాబట్టి అక్కడి సంఖ్యల్ని సాధన కోసమే వాడండి.

తొట్టిలో పెరిగిపోయిన సక్కర్‌ను ఏం చేయాలి

అద్దం మీది పాకుడు తింటుందని 4-5 సెం.మీ. పిల్లను అమ్ముతారు. అది రెండు మూడేళ్ళలో 30 సెం.మీ. దాటి, 100 లీటర్ల తొట్టిలో తిరగలేని స్థితికి వస్తుంది. అప్పుడు చెరువులోనో కాలువలోనో వదిలేయబుద్ధవుతుంది. మన కృష్ణా, గోదావరి కాలువల్లో, చేపల చెరువుల్లో వలలు చింపుతున్న డెవిల్ ఫిష్ ఈ జాతులదే. తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో 60 శాతం దాకా ఇది వ్యాపించిందని నీటిలోని డీఎన్ఏ జాడలతో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2024లో తేల్చారు. గట్లలో మీటరు లోతు బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, దానితో గట్లు కూలతాయి. జాలి ఉంటే వదలకండి.

ముందు కొన్న దుకాణాన్ని అడగండి, చాలామంది తిరిగి తీసుకుంటారు. లేదా వరద నీరు చేరని పెద్ద సిమెంటు తొట్టి ఉన్నవాళ్ళకు ఇవ్వండి. ఫ్లోరిడాలో ఉంటే రాష్ట్ర వన్యప్రాణి విభాగం నడిపే విదేశీ పెంపుడు జంతువుల క్షమాభిక్ష పథకం కింద జరిమానా లేకుండా అప్పగించవచ్చు. అక్కడ అనుమతి లేకుండా వదలడం నేరం.

ఏదీ కుదరకపోతే బాధ లేకుండా చంపడమే మిగిలిన దారి. గడ్డి మీదో మురికి కాలువలోనో పడేస్తే చావదు. ఈ చేప గాలి మింగి బతకగలదు, తడి ఉంటే చాలా గంటలు నిలుస్తుంది. మందుల దుకాణంలో దొరికే స్వచ్ఛమైన లవంగ నూనె తీసుకోండి. 10 లీటర్ల తొట్టి నీళ్ళు బకెట్లో పోసి చేపను అందులో ఉంచండి. 4 మి.లీ. నూనెను చిన్న సీసాలో గోరువెచ్చటి నీళ్ళతో తెల్లగా అయ్యేదాకా కుదపండి. కుదపకపోతే నూనె పైన తేలిపోయి మందు పనిచేయదు. దాన్ని మెల్లగా పోసి, చేప పైకి వచ్చి గాలి మింగకుండా నీటికి ఆనేలా మూత పెట్టండి. మొప్పలు ఆగాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచండి. మామూలు చేపకు పది నిమిషాలు చాలొచ్చు, దీనికి చాలవు. తర్వాత సంచిలో కట్టి రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు నేలలో లోతుగా పూడ్చండి. వీపు రెక్క, పక్క రెక్కల ముళ్ళు చేతుల్ని చీలుస్తాయి, మందపాటి చేతొడుగులు వేసుకోండి. బకెట్ నీళ్ళు, తొట్టి కడిగిన నీళ్ళు కాలువలో కాకుండా మొక్కల్లేని పొడి నేల మీద పోయండి.